ఎడమవైపు గోడ

“నా మెడ కొయ్యడానికి ఎవర్నడిగి ముహూర్తం పెట్టావురా?”

హాల్లో సోఫా మీద తెరిచిపెట్టిన సూట్‌కేసు ముందు పెద్దవాడు వంగి నిలబడి ఉన్నాడు. చేతిలో తల్లి తువ్వాలు. దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడే గానీ తలెత్తలేదు.

“అడిగేదేముందమ్మా? ఆపరేషన్ చేస్తే మంచిదన్నారు డాక్టరుగారు. శుక్రవారం ఖాళీ ఉందన్నారు. సరే అన్నాను.”

“ఎవరి మెడకి?”

“అమ్మా...”

“ఎవరి మెడకిరా సరే అన్నావు? నీ మెడకా?”

ఆవిడ గుమ్మంలోంచి కదల్లేదు. స్టూడియోకి బయల్దేరిన మనిషి. భుజాన గుడ్డసంచి, అందులో గోరువెచ్చటి నీళ్ల ఫ్లాస్కు, సొంత హెడ్‌ఫోన్లు. సినిమాలకి డబ్బింగ్ చెప్పడం ఆవిడ వృత్తి. మొదట్లో కథానాయికలకి చెప్పింది, తర్వాత వాళ్ల వదినలకి, ఇప్పుడు వాళ్ల తల్లులకి. గొంతు అందరికీ తెలుసు, మొహం ఎవరికీ తెలియదు. అందుకే స్టూడియోలో ‘తెరవెనకమ్మ’ అంటారు. ఆ పేరంటే ఆవిడకి కాస్త గర్వం కూడా.

పెద్దవాడు తువ్వాలుని సూట్‌కేసులో కుక్కాడు. లిఫ్టులు బిగించే కంపెనీ అతనిది. ఎవరు ఏ అంతస్తులో ఆగాలో తనే నిర్ణయించడం పనిలోంచి ఇంట్లోకి కూడా వచ్చేసింది. తండ్రి పోయాక మరీను.

“కుడివైపు రక్తనాళం ముప్పాతిక వంతు పూడిపోయిందమ్మా. మెదడుకి నెత్తురు తీసుకెళ్లేది అది. రేపు జరగరానిది జరిగితే పక్షవాతం. మంచంలో పడితే...”

“పడితే నువ్వు చూస్తావు. ఆ సంగతి నాకు తెలుసు. గొంతు పోతే ఎవడు తెచ్చిస్తాడు?”

“గొంతు పోతుందని ఎవరన్నారు? గొంతుకి వెళ్లే నరం దగ్గర్లో ఉంటుంది, జాగ్రత్తగా చేస్తాం, ఎవరికో నూటికొకరికి కొన్నాళ్లు బొంగురుపోతుంది అన్నారు, అంతే.”

“నూటికొకరు! నాకేమైనా నూరు గొంతులున్నాయా, ఒకటి పోతే తొంభైతొమ్మిదితో సర్దుకోడానికి?”

భోజనాల బల్ల దగ్గర చిన్నవాడు ఫక్కున నవ్వి, అన్న చూపు పడేసరికి కాఫీ కప్పులో మొహం దాచుకున్నాడు. లెక్కల మాస్టారు అతను. బడిలో రెండూ రెండూ నాలుగని బల్ల గుద్ది చెప్పగలడు గానీ, ఇంట్లో అన్న మూడంటే మూడే, అమ్మ అయిదంటే అయిదే.

“నువ్వేమంటావురా?” అన్నాడు పెద్దవాడు.

“అంటే... అన్నయ్య చెప్పిందీ నిజమే. అమ్మ అన్నదాంట్లో కూడా...”

“గోడమీద పిల్లీ, నువ్వు దిగకు, అక్కడే ఉండు,” అంది తల్లి.

అప్పుడు వంటింట్లోంచి చిన్నకోడలు వచ్చింది. తడిచేతులు తుడుచుకుంటూ బావగారికి ఎదురుగా కాకుండా కాస్త పక్కగా నిలబడింది. ఆమె డాక్టరే. కాకపోతే కత్తి పట్టే డాక్టరు కాదు. ఆపరేషన్ జరగాల్సిన ఆసుపత్రిలోనే ఎమ్మారై విభాగంలో పనిచేస్తుంది.

“బావగారూ, ఒక్క మాట చెప్పనా? డాప్లర్ పరీక్షలో దారి ఎంత ఇరుకైందో తెలిసింది. గోడలో ఏముందో తెలియలేదు.”

“గోడలో ఏముంటే ఏంటమ్మా? దారి పూడింది. పూడిక తీసేస్తారు.”

“అన్ని పూడికలూ ఒకటి కాదండీ. కొన్ని గట్టిపడి, పైన మందంగా పొర కప్పుకుని ఏళ్ల తరబడి పడి ఉంటాయి. కొన్ని చిన్నవే, కానీ లోపల మెత్తగా ఉండి, పైపొర పల్చబడి ఉంటుంది. అది తెగితే ముక్క ఊడి మెదడులోకి పోతుంది. ఎమ్మారైలో రక్తనాళం గోడనే చూడొచ్చు. మా దగ్గర అందరికీ చెయ్యరు, అవసరమైన వాళ్లకే చేస్తారు. ఇవాళ చేయిద్దాం. చూశాకే నిర్ణయం తీసుకుందాం.”

“ఇల్లు కాలుతుంటే గోడకి ఫొటో తీస్తానంటావేంటమ్మా!”

“కాలుతోందో లేదో తెలుసుకుందామనే కదండీ.”

పెద్దవాడి మొహం ఎర్రబడింది. ఏదో అనబోయాడు. ఈలోగా తల్లి సంచి దింపి కుర్చీ మీద పెట్టింది.

“పుచ్చుందో లేదో చూసుకోందే వంకాయ కొనను నేను. చూడకుండా మెడ ఇస్తానా? పద అమ్మాయ్. ఫొటో తీయించు.”

కోడలు కృతజ్ఞతగా చూసింది. ఆ చూపుని అందుకోకుండా అత్తగారు తల తిప్పుకుంది.

ఎందుకంటే ఈ ఇంట్లో ఆవిడొక్కదానికే తెలిసిన సంగతి ఒకటుంది.

కిందటి వారం రికార్డింగ్ గదిలో, ఎదురుగా తెర మీద బొమ్మ కదులుతుండగా, ఎడమ కంటికి పైనుంచి బూడిదరంగు తెర ఒకటి మెల్లగా దిగింది. కనుపాప మీదికి ఎవరో తలుపు చెక్క జార్చినట్టు. నొప్పి లేదు. ఆవిడ ఆగలేదు. కుడికంటితోనే పెదాలు చూసుకుంటూ డైలాగు పూర్తి చేసింది. కాసేపటికి తెర దానంతటదే లేచిపోయింది. అంతకుముందు కూడా ఒకసారి, మొహం కడుక్కుంటుంటే, అలాగే జరిగింది.

‘చూపు తగ్గడం, చెయ్యి తిమ్మిరెక్కడం, మాట తడబడడం లాంటివేమైనా ఉన్నాయా?’ అని సర్జన్ అడిగినప్పుడు ‘ఏమీ లేవండీ’ అంది, గంట కొట్టినట్టు. ఉన్నాయంటే ఆయన తర్వాత చెప్పేది ఏమిటో ఆవిడకి తెలుసు. ‘పని మానెయ్యండి.’

*

“చెవికమ్మలు, గాజులు, పిన్నులు, ఏవీ ఉండకూడదు అత్తయ్యా.”

“పళ్లు నావే. అవి ఉంచుకోవచ్చా?”

కోడలు నవ్వింది. బల్ల మీద పడుకోబెట్టి, మెడకి అటూ ఇటూ రెండు పలకల్లాంటివి అమర్చి, చెవుల్లో దూది లాంటి బిరడాలు పెట్టింది. చేతికి రబ్బరు బుడగ ఇచ్చింది, భయమేస్తే నొక్కమని.

“లోపల చప్పుడు ఎక్కువగా ఉంటుంది. కదలకూడదు. బొమ్మ తీస్తున్నప్పుడు గుటక కూడా వెయ్యకండి. మెడలో గోడ చాలా సన్నం. గుటక వేస్తే చెదిరిపోతుంది.”

“ఊపిరి తీసుకోకుండా పేజీ డైలాగు చెప్పినదాన్ని. నాకా నేర్పుతున్నావు?”

బల్ల గొట్టంలోకి జారింది. చప్పుడు మొదలైంది. ఎవరో పక్కింట్లో రేకు మీద సుత్తితో కొడుతున్నట్టు ఒక వరస, తర్వాత లారీ వెనక్కి వస్తున్నట్టు మరో వరస. మొదట్లో ఆవిడకి చిరాకేసింది. తర్వాత లెక్క దొరికింది. ఎక్కడ ఆగుతుందో పట్టుకుంది. ఆగినప్పుడే గుటక వేసింది.

ఆ గొట్టంలో పడుకుని ఆవిడ ప్రాధేయపడలేదు. మెడలో దాక్కున్నదాన్ని బెదిరించింది. ‘కనిపించకు. ఇన్నాళ్లూ నాకే కనబడకుండా ఉన్నావుగా, ఇంకొక్క పూట ఉండు. ఈ సినిమా అయ్యేదాకా ఉండు. తర్వాత నీ ఇష్టం, నా ఇష్టం తేల్చుకుందాం.’

ఆ సినిమాలో ముసలితల్లి పాత్రకి గొంతు ఆవిడది. అంతా చెప్పేసింది, ఒక్క పతాక సన్నివేశం తప్ప. కొడుకుల్ని గుమ్మంలో నిలబెట్టి కడిగేసే సీను. ఎన్నో ఏళ్లుగా తెర మీద తల్లులు ఏడుస్తూనే ఉన్నారు. ఏడవని తల్లి దొరకడం ఇదే మొదటిసారి.

బల్ల బయటికి వచ్చింది. ఆవిడ తల తిప్పి అద్దం వైపు చూసింది. అద్దం అవతల కోడలూ, పక్కన నెరిసిన జుట్టు పెద్దాయన ఒకరూ కంప్యూటరు తెర మీదికి వంగి ఉన్నారు. కోడలు తలెత్తలేదు.

రికార్డింగ్ గదిలో అద్దం అవతలి మనిషి తలెత్తలేదంటే టేకు బాగా రాలేదని అర్థం.

*

సర్జన్ గదిలో కుర్చీలు చాలక చిన్నవాడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. సర్జన్ సన్నటి మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. కోడలు తెర మీద బొమ్మ పెట్టింది. మెడని అడ్డంగా కోసి చూపించినట్టుంది. బూడిదరంగు మధ్యలో రెండు నల్లటి చుక్కలు.

“నేనొక్కదాన్నే చూళ్లేదు, మా హెడ్ గారు కూడా చూశారు. ఇంట్లోవాళ్ల బొమ్మ కదా,” అంది మొదటే. “ఈ నల్లటివి నెత్తురు పారే దారులు. నెత్తురు మెరిస్తే గోడ కనిపించదు. అందుకని ఈ బొమ్మలో దాన్ని నల్లగా చేస్తాం. చుట్టూ ఉన్నదే గోడ. ఇది కుడివైపు.”

పెద్దవాడు ముందుకి వంగాడు.

“పూడిక పెద్దదే. కానీ పైపొర మందంగా, గట్టిగా ఉంది. లోపల చాలావరకు సున్నం కట్టేసింది. చాలా ఏళ్ల నాటిది. ఇప్పట్లో కదిలేలా లేదు.”

సర్జన్ బొమ్మని పరీక్షగా చూశాడు. “ఇది చూశాక శుక్రవారమే చెయ్యాలని నేను పట్టుబట్టను. మందులు వాడుతూ కనిపెట్టుకుని ఉండొచ్చు.”

“విన్నావురా?” తల్లి కుర్చీలో నిటారుగా కూర్చుంది. “విన్నావా? తువ్వాళ్లు సర్దావు! సబ్బుపెట్టె సర్దావు! నన్ను కూడా మడతపెట్టి ఆ పెట్టెలో సర్దేద్దామనుకున్నావు!”

“అమ్మా, నేను నీ మంచికే...”

“మంచి నీది, మెడ నాది!”

చిన్నవాడు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. భార్య మొహం చూశాడు. ఆమె నవ్వడం లేదు.

“అత్తయ్యా, ఇంకో బొమ్మ ఉంది.”

ఆమె మరో బొమ్మ తెర మీదికి తెచ్చింది.

“ఇది ఎడమవైపు. ఇక్కడ దారి బాగానే ఉంది, సగానికి పైగా తెరిచే ఉంది. డాప్లర్‌లో పర్వాలేదన్నది అందుకే. కానీ పూడిక లోపలికి రాకుండా గోడని బయటికి ఉబ్బించింది. ఇదిగో, ఇక్కడ తెల్లగా మెరుస్తున్నది చూడండి. అది నెత్తురు. పూడిక లోపలే చెమర్చింది. దానిమీద ఉండాల్సిన పొర ఈ చివర కనిపించడం లేదు.”

సర్జన్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“అమ్మా, మిమ్మల్ని ముందు కూడా అడిగాను. మళ్లీ అడుగుతున్నాను. ఎడమ కన్ను మసకబారడం గానీ, కుడిచెయ్యి పట్టు తప్పడం గానీ ఎప్పుడైనా జరిగిందా?”

ఆవిడ చిరునవ్వు నవ్వింది. “అబ్బే, అలాంటివేం లేవు బాబూ. నాకేమవుతుంది? నేను బాగానే ఉన్నాను,” అంది.

ఎంత తియ్యగా అంది! వెన్నలో వేలు పెట్టినట్టుంది. సర్జన్ తల ఊపబోయాడు కూడా.

“అది మీ గొంతు కాదు అత్తయ్యా,” అంది కోడలు.

ఆవిడ ఉలిక్కిపడింది.

“ఈ ఇంటికొచ్చి ఏడేళ్లయింది. మీ గొంతులన్నీ నాకు తెలుసు. ఇది సినిమాల్లో తల్లుల గొంతు. జ్వరమొచ్చి కూడా పిల్లలకి చెప్పకుండా వడ్డించే తల్లి గొంతు. మీరు ఇంట్లో ఇలా మాట్లాడరు. ఇంట్లో మీరు తిడతారు.”

చిన్నవాడు నవ్వలేదు. పెద్దవాడు తల్లి వైపు తిరిగాడు. తల్లి ఎటూ చూడలేదు. తెర మీద ఆ తెల్లటి మచ్చనే చూస్తూ ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ గొంతుని నమ్మని మనిషి లేడు. ఇవాళ పట్టుబడింది. ఒక్క క్షణం కోపం, దాని వెనకే ఏదో మెచ్చుకోలు లాంటిది.

“రెండుసార్లు,” అంది. ఈసారి ఆ గొంతులో తీపి లేదు. “ఎడమ కన్ను. తెర దిగినట్టు. ఒకసారి ఇంట్లో, ఒకసారి కిందటి వారం పనిలో. కాసేపే.”

“అమ్మా!” పెద్దవాడు లేచి నిలబడ్డాడు. “ఎందుకు దాచావు? డాక్టరుగారు అడిగితే కూడా ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నువ్వేం చేసేవాడివి?”

“ఏం చేస్తాను? వెంటనే...”

“ఆఁ, అదీ. వెంటనే. నన్నడక్కుండా వెంటనే. అందుకే చెప్పలేదు.”

సర్జన్ వాళ్లిద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టాడు. “ఇప్పుడు చెప్పారు, అది చాలు. ఇవాళే అడ్మిట్ అవ్వాలి. నెత్తురు గడ్డకట్టకుండా మందులు ఇప్పుడే మొదలుపెడదాం. ఎడమవైపు ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఒకట్రెండు రోజుల్లో తేల్చుకుందాం. మీతో మాట్లాడే తేలుస్తాను.” ఆ ‘మీతో’ అన్న మాట ఆయన ఆవిడ కళ్లలోకి చూసి అన్నాడు.

“అవుతాను,” అంది ఆవిడ. “రేపు. ఇవాళ నాకు ఇంకా ఒక్క సీను ఉంది.”

పెద్దవాడి మొహం పాలిపోయింది.

“ఆ సీను లేదమ్మా,” అన్నాడు.

“లేదంటే?”

“నిన్న నేనే స్టూడియోకి ఫోను చేశాను. నువ్వింక చెయ్యవని చెప్పాను. ఆపరేషన్ ఎలాగూ ఉంది కదా అని... వాళ్లు ఇంకో అమ్మాయిని చూసుకున్నారట.”

ఆవిడ అరుస్తుందనుకున్నారు. అరవలేదు. బల్ల మీదున్న పెద్దవాడి ఫోను తీసి అతని చేతిలో పెట్టింది.

“నేను చెప్పిన అబద్ధం నేను దిద్దుకున్నాను. నువ్వు చెప్పింది నువ్వు దిద్దు. ఇక్కడే. అందరికీ వినపడేలా.”

అతని వేలు నంబరు కోసం తడుముకుంది. అవతల రికార్డిస్టు ఎత్తాడు. ఆవిడతో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి.

“నేనండీ... అమ్మ మానేస్తుందని నిన్న చెప్పానే, అది అమ్మ అన్న మాట కాదు. నేనే అన్నాను.” పెద్దవాడు తల్లి వైపు చూశాడు. “అమ్మ మానలేదు.”

“అయ్యో సార్! ఆ అమ్మాయి పొద్దున్నే వచ్చి కొంత చెప్పేసింది. డైరెక్టరుగారు కూడా ఓకే అనేశారు. రేపట్నుంచి మిక్సింగు. అమ్మ ఇవాళ సాయంత్రంలోగా వస్తే నేను మాట్లాడతాను. లేకపోతే నా చేతిలో లేదు సార్.”

“లైన్లో ఉండు నాయనా,” అంది ఆవిడ. ఫోను బల్ల మీద పెట్టించింది.

అప్పుడు ఎవరూ ఊహించనిది జరిగింది. పెద్దవాడు కారు తాళాలు తీశాడు.

“నేను తీసుకెళ్తానమ్మా. డాక్టరుగారూ, మందు ఇప్పుడే ఇచ్చెయ్యండి. రెండు గంటల్లో తీసుకొచ్చేస్తాను. చేసిన తప్పు నాది. అమ్మని వెళ్లనివ్వండి.”

ఆవిడ లేచింది. కొడుకు చెయ్యి అందుకుంది. గుమ్మంలో చిన్నకోడలు నిలబడి ఉంది.

“తప్పుకో అమ్మాయ్.”

“తప్పుకోను.”

“పొద్దున్న నా పక్షాన మాట్లాడింది నువ్వే కదే!”

“పొద్దున్న మీరు చూడాలన్నారు. చూపించాను. ఇప్పుడు చూసి కూడా వెళ్తానంటే మీ పక్షం కాను అత్తయ్యా. నన్ను తిట్టండి, రేపట్నుంచి మాట్లాడకండి. ఈ గుమ్మం మాత్రం దాటనివ్వను.”

“అడ్డు తియ్యమ్మా,” అన్నాడు పెద్దవాడు.

“తియ్యకు,” అన్నాడు చిన్నవాడు.

అందరూ అతని వైపు తిరిగారు. అతనికే ఆశ్చర్యంగా ఉన్నట్టుంది. వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. అక్కణ్నుంచి జరగలేదు.

ఆవిడ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“డాక్టరుగారూ, ఒక్క ప్రశ్న. నిజం చెప్పండి, తియ్యగా చెప్పకండి. ఎడమవైపు ఆ పొర తెగితే నాకేం పోతుంది?”

“కుడి చెయ్యి, కుడి కాలు పడిపోవచ్చు. అన్నిటికంటే ముందు మాట పోవచ్చు.”

“గొంతా?”

“గొంతు కాదమ్మా. మనిషికి మాటలు పుట్టేది ఎక్కువగా మెదడు ఎడమవైపు. గొంతు ఉంటుంది. శబ్దం వస్తుంది. మాట రాదు.”

గొంతు ఉంటుంది. మాట రాదు.

ఆవిడ మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్లూ కత్తి తగిలితే పోతుందనుకున్న దానికోసం కాపలా కాసింది. దొంగ దొడ్డిదారిన, పక్క గదిలోకి వచ్చాడు.

పెద్దవాడు మోకాళ్ల మీద వంగి ఏదో అనబోయాడు. ఆవిడ చెయ్యి ఎత్తి ఆపింది. ఫోను దగ్గరికి లాక్కుంది.

“ఉన్నావా నాయనా?”

“ఉన్నానమ్మా. అంతా వినపడింది. డైరెక్టరుగారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆయనా విన్నారు.”

“మంచిదే అయింది. మళ్లీ చెప్పే పని తప్పింది. బాబూ డైరెక్టరుగారూ, నేను ఆసుపత్రిలో చేరుతున్నాను. చావడానికి కాదు. ఆ అమ్మాయి బాగా చెప్పే ఉంటుంది, దాన్ని ఏమీ అనను. కానీ ఆ ముసలిదాని మొదటి మాట నుంచి నోట్లో ఉన్నది నా మాట. చివరి మాట ఇంకొకళ్లది ఎలా అవుతుంది? నేను మానలేదు. నన్ను మాన్పించింది నా కొడుకు, వాడూ ఒప్పుకున్నాడు. నేనొచ్చి చెప్పేదాకా ఆగండి. ఆగలేమంటే ఆ మాట మీరు నాతోనే చెప్పండి, నా కొడుకుతో కాదు.”

కోడలు గుమ్మంలోంచి జరగలేదు. నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, లోపలి మొహాలు చూసి అక్కడే ఆగిపోయింది.

“వింటున్నారా?” అంది ఆవిడ. ఆ గొంతు సినిమాల్లోది కాదు, ఇంట్లోది.

అవతల ఊపిరి చప్పుడు వినిపిస్తూనే ఉంది. జవాబు రాలేదు. ఫోను పెట్టెయ్యనూ లేదు.